విలువ పక్కన రాసి ఉన్న షరతు: అనలాగ్ సర్క్యూట్లపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ప్రస్తుతం డిజైన్, తయారీ, నిర్వహణ పనుల్లో ఉన్న ఇంజినీర్లు రాసినవాటిని ఎంచుకున్నాం. అడిగిన విషయాలు వేరువేరుగా ఉన్నా, చాలా ఉత్తరాల్లో ఇబ్బందికి మూలం ఒక్కటే. డేటాషీటులో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఒక సంఖ్యను చూసి వాడుకున్నారు కానీ, ఆ సంఖ్య ఏ షరతు మీద చెల్లుతుందో చూడలేదు. స్థలాభావం వల్ల ఉత్తరాలను కొంత కుదించాం.

ప్రశ్న: మేము తయారు చేసే కొలత బోర్డులో 5 వోల్టుల నుంచి 3.3 వోల్టులు తీసుకోవడానికి ఎల్‌ఎం1117 రెగ్యులేటర్ (వోల్టేజిని స్థిరంగా ఉంచే ఐసీ) వాడుతున్నాం. ఔట్‌పుట్ వద్ద ఇంతకాలం 10 మైక్రోఫారడ్ల టాంటలం కెపాసిటర్ ఉండేది. ధర కలిసివస్తుందని కొనుగోలు విభాగం దాని బదులు అదే 10 మైక్రోఫారడ్ల సెరామిక్ కెపాసిటర్ తెప్పించింది. అది 0805 సైజు, 6.3 వోల్టుల ఎక్స్5ఆర్ రకం. కొత్త బోర్డుల్లో ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే ఐసీ) రీడింగు చివరి అంకెలు నిలవడం లేదు. స్కోప్‌తో చూస్తే 3.3 వోల్టుల లైను మీద కొన్ని పదుల మిల్లీవోల్టుల అల ఆగకుండా కనిపిస్తోంది. సెరామిక్ కెపాసిటర్ టాంటలం కంటే మెరుగైనదని చదువుకున్నాం. మరి ఇలా ఎందుకు జరుగుతోంది?
— డిజైన్ ఇంజినీరు, కుషాయిగూడ, హైదరాబాద్

సమాధానం: మీరు చూస్తున్న అల బయటి నుంచి వచ్చిన నాయిస్ కాకపోవచ్చు, మీ వివరణను బట్టి రెగ్యులేటరే ఆసిలేట్ అవుతోంది, అంటే తనంతట తాను ఊగుతోంది. ఎల్‌ఎం1117 లోపలి ఫీడ్‌బ్యాక్ లూపు స్థిరంగా ఉండాలంటే ఔట్‌పుట్ కెపాసిటర్‌కు కొంత సిరీస్ నిరోధం, అంటే మనం ఈఎస్‌ఆర్ అనేది, ఉండి తీరాలి. అందుకే దాని డేటాషీటులో కెపాసిటర్ కనీసం 10 మైక్రోఫారడ్ల టాంటలం అయి ఉండాలని, దాని ఈఎస్‌ఆర్ 0.3 ఓమ్‌లకు, 22 ఓమ్‌లకు మధ్య ఉండాలని రాశారు. కొనుగోలు విభాగానికి వెళ్లిన జాబితాలో మైక్రోఫారడ్లు, వోల్టులు ఉండి ఈ ఓమ్‌ల సంగతి లేకపోతే, వాళ్లు చేసిన మార్పును తప్పు పట్టడం న్యాయం కాదు. ఆ షరతు జాబితాలోకి ఎక్కించాల్సింది డిజైన్ చేసినవారే.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 10 మైక్రోఫారడ్లకు 0.5 ఓమ్‌ల ఈఎస్‌ఆర్ తోడైతే, లూపు ఫేజ్‌ను పైకి లేపి స్థిరత్వాన్నిచ్చే బిందువు, అంటే జీరో, సుమారు 32 కిలోహెర్ట్జ్ వద్ద ఏర్పడుతుంది. సెరామిక్ కెపాసిటర్ ఈఎస్‌ఆర్ 5 మిల్లీఓమ్‌లు అనుకుంటే అదే జీరో 3.2 మెగాహెర్ట్జ్‌కు వెళ్లిపోతుంది. అక్కడికి చేరేలోపే లూపు గెయిన్ ఒకటికి దిగిపోయి ఉంటుంది కనుక, ఆ జీరో ఉన్నా లేనట్టే. ఫేజ్ మార్జిన్, అంటే ఆసిలేట్ కాకుండా కాపాడే వెసులుబాటు, హరించుకుపోయి ఆసిలేషన్ మొదలవుతుంది. రెగ్యులేటర్‌కు సంబంధించినంత వరకు సెరామిక్ కెపాసిటర్‌లో ఉన్న మంచి గుణమే, అంటే తక్కువ ఈఎస్‌ఆరే, ఇక్కడ దోషమైంది.

ఇందులో మీరు అడగని రెండో చిక్కు కూడా ఉంది. మీ సెరామిక్ కెపాసిటర్ బోర్డు మీద 10 మైక్రోఫారడ్లు కాదు. ఆ విలువను దాదాపు సున్నా డీసీ వోల్టేజి వద్ద కొలిచి ముద్రిస్తారు. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ రకాల్లో వాడే పదార్థం మీద డీసీ వోల్టేజి పడగానే కెపాసిటెన్స్ తగ్గుతుంది. చిన్న సైజులో ఎక్కువ మైక్రోఫారడ్లు ఇరికించిన కెపాసిటర్లలో, గరిష్ఠ వోల్టేజి దగ్గర సగానికి పైగా పోవడం కూడా మామూలే. ఎక్స్5ఆర్ అన్న పేరులో ఉన్న 15 శాతం హామీ మైనస్ 55 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వరకు ఉష్ణోగ్రత వల్ల వచ్చే మార్పుకు మాత్రమే. వోల్టేజి వల్ల వచ్చే నష్టం ఆ హామీలోకి రాదు. ఒకే కోడ్, ఒకే సైజు, ఒకే విలువ ఉన్న రెండు కంపెనీల కెపాసిటర్లు ఈ విషయంలో ఒకేలా ఉండవు కాబట్టి, తయారీదారు ఇచ్చే డీసీ బయాస్ గ్రాఫును పార్ట్ నంబరు వారీగా చూడటం తప్ప దగ్గరిదారి లేదు.

ఇప్పుడు ఏం చేయాలి? ఇప్పటికే తయారైన బోర్డులకు, సెరామిక్ కెపాసిటర్‌తో సిరీస్‌లో అర ఓమ్ రెజిస్టర్ ఒకటి పెట్టడం చౌకైన మార్గం. అయితే లోడు ఒక్కసారిగా 200 మిల్లీయాంపియర్లు పెరిగితే ఆ రెజిస్టర్ మీదే 100 మిల్లీవోల్టులు పడతాయని గుర్తుంచుకోవాలి. ఏడీసీ పోల్చి చూసే రిఫరెన్స్ వోల్టేజిని కూడా ఇదే 3.3 వోల్టుల నుంచి తీసుకుంటూ ఉంటే ఆ కుదుపు నేరుగా రీడింగులో కనిపిస్తుంది. అటువంటప్పుడు విడిగా ఒక రిఫరెన్స్ ఐసీ పెట్టడమే మంచిది. టాంటలానికే తిరిగి వెళ్లదలిస్తే, 3.3 వోల్టుల లైనుకు కనీసం 10 వోల్టుల రేటింగ్ ఉన్నది తీసుకోండి. మామూలు టాంటలం కెపాసిటర్లను వాటి రేటింగ్‌లో సగానికి మించి వాడకపోవడం పాతకాలం నుంచి వస్తున్న జాగ్రత్త. అవి చెడిపోయేటప్పుడు షార్ట్ అయి కాలిపోతాయి. కొత్త డిజైన్ అయితే, సెరామిక్ కెపాసిటర్‌తో స్థిరంగా ఉంటుందని డేటాషీటులో స్పష్టంగా రాసిన రెగ్యులేటర్‌ను ఎంచుకోండి. నా ఓటు దీనికే.

ఏ మార్గం ఎంచుకున్నా ఒక పరీక్ష మాత్రం తప్పనిసరి. ఔట్‌పుట్‌కు 100 ఓమ్‌ల రెజిస్టర్‌ను ఒక మాస్‌ఫెట్ (స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్) ద్వారా కలుపుతూ, తెంచుతూ లోడును 33 మిల్లీయాంపియర్ల మేర మార్చండి. వోల్టేజి ఒకసారి తూలి నిలబడితే ఫర్వాలేదు. నాలుగైదు సార్లు ఊగి గానీ ఆగడం లేదంటే, ఈ రోజు బల్ల మీద పని చేసినా ఎండాకాలంలో పొలంలోనో, చలికాలంలో తెల్లవారుజామునో అది ఆసిలేట్ అయ్యే ప్రమాదం ఉంది. ఈ పరీక్షను అతి తక్కువ లోడు వద్ద, పూర్తి లోడు వద్ద, వేడి చేసి, చల్లబరిచి చేయాలి.

ప్రశ్న: స్విచింగ్ పవర్ సప్లై ఔట్‌పుట్ మీద 200 మిల్లీవోల్టుల పదునైన స్పైకులు కనిపిస్తున్నాయి. ఎన్ని కెపాసిటర్లు చేర్చినా తగ్గడం లేదు.
— టెస్ట్ ఇంజినీరు, బాలానగర్

సమాధానం: కెపాసిటర్లు చేర్చడం ఆపి, ముందు ప్రోబ్‌ను అనుమానించండి. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పును బోర్డు గ్రౌండ్‌కు తగిలించి, ప్రోబ్ మొనను కూడా సరిగ్గా అదే బిందువు మీద ఆనించండి. కొలవడానికి అక్కడ ఏమీ లేదు కనుక స్కోప్‌లో చదునైన గీత రావాలి. స్పైకులు అక్కడా కనిపిస్తే, వాటిలో అధిక భాగం ఔట్‌పుట్‌లో లేవు. గ్రౌండ్ తీగ, ప్రోబ్ కలిసి ఏర్పరిచిన వలయం చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోంది. 15 సెంటీమీటర్ల గ్రౌండ్ తీగకు సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ప్రోబ్‌కు ఉండే 12 పికోఫారడ్లతో కలిసి అది దాదాపు 120 మెగాహెర్ట్జ్ వద్ద మోగుతుంది. ప్రోబ్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్‌ను చాలామంది పారేస్తారు. దాన్ని వెతికి తీసి, ఔట్‌పుట్ కెపాసిటర్ రెండు కాళ్ల మీదే నేరుగా కొలవండి. అప్పుడు మిగిలినదే మీరు తగ్గించాల్సిన రిపుల్, అంటే ఔట్‌పుట్‌లోని అసలు అల.

ప్రశ్న: హీట్ ట్రీట్‌మెంట్ కొలిమికి కె రకం థర్మోకపుల్‌తో (రెండు వేర్వేరు లోహాల తీగలతో చేసిన సెన్సర్‌తో) ఉష్ణోగ్రత చూపే యూనిట్ చేశాం. యాంప్లిఫయర్‌గా ఎల్‌ఎం358 వాడాం. ఉదయం ప్రీసెట్ (తిప్పి మార్చగలిగే చిన్న రెజిస్టర్) తిప్పి సరిచేస్తే 600 డిగ్రీల వద్ద సరిగ్గానే చూపిస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా అసలు కంటే 18, 20 డిగ్రీలు తక్కువ చూపిస్తోంది, రాత్రికి మళ్లీ సర్దుకుంటుంది. ఖరీదైన ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ ఐసీ) వేస్తే సరిపోతుందా?
— నిర్వహణ ఇంజినీరు, జీడిమెట్ల

సమాధానం: ఖరీదైన ఆప్-ఆంప్ వేయాల్సిందే, కానీ మీ మధ్యాహ్నపు 20 డిగ్రీల్లో దానివల్ల పోయేది కొద్దిగానే.

ముందుగా ఎల్‌ఎం358 వాటా తేలుద్దాం. కె రకం థర్మోకపుల్ గది ఉష్ణోగ్రత ప్రాంతంలో ఒక్కో డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులే. ఎల్‌ఎం358 ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ (సంకేతం లేకున్నా ఇన్‌పుట్‌లో ఉండే లోపపు వోల్టేజి) మామూలుగా 2 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 50 డిగ్రీలు. డేటాషీటు గరిష్ఠంగా అనుమతించే 7 మిల్లీవోల్టులైతే 170 డిగ్రీలు. ఈ లోపాన్ని మీరు ఉదయం ప్రీసెట్‌తో మింగించేస్తున్నారు. ప్రీసెట్‌కు లొంగనిది, ఉష్ణోగ్రతతో పాటు ఆఫ్‌సెట్ కదలడం. అది మామూలుగా డిగ్రీకి 7 మైక్రోవోల్టులు ఉంటుంది. ప్యానెల్ లోపల 20 డిగ్రీలు పెరిగితే 140 మైక్రోవోల్టులు కదులుతుంది, అంటే మూడున్నర డిగ్రీల లోపం. మీరు చూస్తున్నది 20 డిగ్రీలు.

మిగిలినది ఎక్కడిదంటే, థర్మోకపుల్ కొలిమి ఉష్ణోగ్రతను కొలవదు. కొలిమికి, మీ టెర్మినల్ బ్లాకుకు మధ్య ఉన్న తేడాను కొలుస్తుంది. ఉదయం టెర్మినల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మీరు ప్రీసెట్ తిప్పారు. మధ్యాహ్నానికి ప్యానెల్ వేడెక్కి టెర్మినల్ 40, 45 డిగ్రీలకు చేరితే, రీడింగు దాదాపు అంత మేరా పడిపోతుంది. మీ ఉత్తరంలో కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్ (టెర్మినల్ ఉష్ణోగ్రతను కొలిచి రీడింగుకు కలపడం) ప్రస్తావనే లేదు కాబట్టి అది అసలు లేదనో, ప్రీసెట్‌తోనే సరిపెట్టారనో అనుకుంటున్నాను. దీన్ని నిర్ధారించుకోవడం సులభం. మధ్యాహ్నం వేళ థర్మోకపుల్‌ను విప్పి, యూనిట్ టెర్మినల్స్‌ను రాగి తీగ ముక్కతో షార్ట్ చేయండి. కాంపెన్సేషన్ సరిగా ఉన్న యూనిట్ అప్పుడు టెర్మినల్ ఉష్ణోగ్రతనే చూపాలి. పక్కన థర్మామీటర్ 43 చూపుతుండగా మీ యూనిట్ 25 దగ్గరే ఉండిపోతే దోషం దొరికినట్టే.

దీనికి ఎల్‌ఎం35 లాంటి సెన్సర్ చాలు. అది డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. ముఖ్యమైనది దాన్ని ఎక్కడ పెట్టారన్నదే. చాలా యూనిట్లలో దాన్ని బోర్డు మీద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనో రెగ్యులేటర్ పక్కనో ఖాళీ దొరికిన చోట పెడతారు. అప్పుడది కొలిచేది ట్రాన్స్‌ఫార్మర్ వేడిని. సెన్సర్ టెర్మినల్ స్క్రూలకు ఆనుకుని, అదే రాగి ప్రాంతం మీద ఉండాలి. ప్యానెల్ ఫ్యాను గాలి టెర్మినల్స్ మీద నేరుగా కొట్టకుండా చూడాలి.

ఇక ఆప్-ఆంప్ మార్చేటప్పుడు జీరో డ్రిఫ్ట్ రకం (తన ఆఫ్‌సెట్‌ను తానే సరిచేసుకునేది) తీసుకోండి. వీటిలో 10 మైక్రోవోల్టులకు మించని ఆఫ్‌సెట్ ఉన్నవి సులభంగా దొరుకుతాయి, అంటే పావు డిగ్రీ లోపం. ప్రీసెట్ అవసరమే ఉండదు. ఆ ప్రీసెట్‌ను తీసేయడమే నా దృష్టిలో అసలు లాభం, ఎందుకంటే అది ఉన్నంతకాలం ఎవరో ఒకరు దాన్ని తిప్పుతూనే ఉంటారు, ఏ లోపాన్ని ఎక్కడ దాచారో ఎవరికీ తెలియదు. ఇన్‌పుట్‌లో ఫిల్టర్ కోసం 10 కిలోఓమ్‌ల రెజిస్టర్ పెట్టి ఉంటే దాన్నీ చూడండి. ఎల్‌ఎం358 బయాస్ కరెంటు (ఇన్‌పుట్ పిన్నులో పారే చిన్న కరెంటు) 45 నానోయాంపియర్లు అనుకున్నా దాని మీద 450 మైక్రోవోల్టులు, అంటే 11 డిగ్రీలు, పుడతాయి.

మరొక మాట. కొలిమి నుంచి ప్యానెల్ వరకు వేసిన కేబుల్ కె రకానిదేనా? మధ్యలో మామూలు రాగి తీగ అతికి ఉంటే కోల్డ్ జంక్షన్ ఆ అతుకు దగ్గరికి, అంటే కొలిమి వేడి తగిలే చోటికి, జరిగిపోతుంది. కేబుల్‌ను తిరగేసి కలిపినా లోపమే. అమెరికా పద్ధతి కేబుళ్లలో ఎర్ర తీగ నెగటివ్. మనవాళ్లు అలవాటుగా ఎరుపును పాజిటివ్‌కు బిగిస్తారు.

ప్రశ్న: ఒకే ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లు ఉంటే, వాడని దాన్ని ఏం చేయాలి? గాలికి వదిలేయవచ్చా?
— డిప్లొమా అప్రెంటిస్, విశాఖపట్నం

సమాధానం: వదలకూడదు. ఔట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు కలిపి, ప్లస్ ఇన్‌పుట్‌ను సప్లై వోల్టేజిలో సగం దగ్గర ఉన్న ఏదైనా బిందువుకు కట్టండి. గాలికి వదిలిన ఇన్‌పుట్ నాయిస్‌ను పట్టుకుని ఔట్‌పుట్‌ను అటూ ఇటూ కొట్టిస్తుంది, ఆ కుదుపు సప్లై ద్వారా పక్క ఆప్-ఆంప్‌లోకి వస్తుంది. ఎల్‌ఎం393 లాంటి కంపారేటర్‌కు (రెండు వోల్టేజిలను పోల్చే ఐసీకి) ఈ పద్ధతి వర్తించదు. దాన్ని ఫీడ్‌బ్యాక్‌లో కట్టకుండా, వాడని ఇన్‌పుట్ పిన్నులన్నింటినీ గ్రౌండ్ చేయమని దాని డేటాషీటే చెబుతుంది.

ప్రశ్న: మా సంస్థ హైదరాబాద్‌లో రూపొందించిన బరువు తూచే యంత్రాన్ని ఇక్కడ టెక్సాస్‌లో పరీక్షిస్తున్నాను. అక్కడ ఒక్క గ్రాము కూడా కదలని రీడింగు ఇక్కడ నిలకడగా ఉండటం లేదు. పవర్ సప్లై, కేబుల్, లోడ్ సెల్ (బరువును వోల్టేజిగా మార్చే సెన్సర్) అన్నీ మార్చి చూశాను.
— తెలుగు ఇంజినీరు, డాలస్

సమాధానం: మీ ఏడీసీ ఒక్కో రీడింగుకు ఎంతసేపు సగటు తీస్తోందో చూడండి. అది 20 మిల్లీసెకన్లు అయితే దోషం హార్డ్‌వేర్‌లో లేదు. భారతదేశంలో మెయిన్స్, అంటే సరఫరా కరెంటు, 50 హెర్ట్జ్ కాబట్టి 20 మిల్లీసెకన్లు సరిగ్గా ఒక ఆవృతి. ఆ వ్యవధిలో సగటు తీస్తే మెయిన్స్ నుంచి చేరిన హమ్ పూర్తిగా రద్దవుతుంది. మీరున్న చోట 60 హెర్ట్జ్. 20 మిల్లీసెకన్లలో 1.2 ఆవృతులు పడతాయి కాబట్టి, ఆ హమ్‌లో దాదాపు 16 శాతం దాకా రీడింగులో మిగిలిపోతుంది. లోడ్ సెల్ వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇచ్చే రకమై, దానికిచ్చే సప్లై (ఎక్సైటేషన్) 5 వోల్టులైతే పూర్తి బరువుకు వచ్చేది 10 మిల్లీవోల్టులే. 10 కిలోల యంత్రంలో ఒక గ్రాము ఒక మైక్రోవోల్టు అన్నమాట. ఇంత చిన్న సంకేతం మీద 16 శాతం హమ్ అంటే తక్కువేమీ కాదు.

సగటు వ్యవధిని 100 మిల్లీసెకన్లు చేయండి. అందులో 50 హెర్ట్జ్ ఆవృతులు 5, 60 హెర్ట్జ్ ఆవృతులు 6 పూర్తిగా ఇముడుతాయి కాబట్టి రెండు దేశాల్లోనూ ఒకే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. మధ్యలో విరామం లేకుండా వచ్చే 20 మిల్లీసెకన్ల రీడింగులను అయిదేసి కలిపి సగటు తీసినా ఫలితం అదే. సెకనుకు పది రీడింగులే వస్తాయి, తూకానికి అది చాలు. 60 హెర్ట్జ్ దేశాల కోసం 16.67 మిల్లీసెకన్లకు సరిచేసిన పరికరాలను భారతదేశానికి తెచ్చినా ఇదే ఇబ్బంది. అప్పుడు 50 హెర్ట్జ్ హమ్‌లో 19 శాతం మిగులుతుంది.

హైదరాబాద్‌లో ఉన్న మీ సహోద్యోగులకు కూడా ఒక సూచన. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీని 49.90, 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలన్నది నిబంధన కాబట్టి గ్రిడ్ మీద 20 మిల్లీసెకన్లు బాగానే పని చేస్తాయి. కరెంటు పోయి డీజిల్ జనరేటర్ మీద నడిచే రైస్ మిల్లులో ఫ్రీక్వెన్సీ 51కి వెళ్తే హమ్‌లో 2 శాతం మిగులుతుంది. సగటు మీదే భారం వేయకుండా, లోడ్ సెల్ తీగలను మెలివేసిన కేబుల్‌తో తెచ్చి, షీల్డ్‌ను ఒక చివరే గ్రౌండ్ చేసి, హమ్ లోపలికి రావడాన్నే తగ్గించండి.

ప్రశ్న: వ్యవసాయ పంపుసెట్లకు కంట్రోల్ ప్యానెళ్లు చేస్తాం. రేకు డబ్బా ఎండలోనే ఉంటుంది. రెండేళ్లు గడిచాక చాలా ప్యానెళ్లలో పవర్ సప్లై ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉబ్బి పోతోంది. దాని మీద 85 డిగ్రీలు, డేటాషీటులో 2,000 గంటలు అని ఉంది. డబ్బా లోపల ఎప్పుడూ 85 దాటలేదు. నాసిరకం సరుకు అనుకోవాలా?
— చిన్న పరిశ్రమ నిర్వాహకుడు, పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా

సమాధానం: సరుకు మంచిదే కావచ్చు. 85 డిగ్రీలు దాటకపోతే చాలన్నది ఆ సంఖ్యల భావం కాదు. 85 డిగ్రీల వద్ద ఆగకుండా నడిస్తే ఆయుష్షు 2,000 గంటలు, ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు అది సుమారు రెట్టింపు అవుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే మీ ప్రాంతంలో, రేకు డబ్బా లోపల, దాని సొంత రిపుల్ కరెంటు వేడితో కలిపి కెపాసిటర్ 75 డిగ్రీలకు చేరుతుందని అనుకుందాం. అక్కడ దాని ఆయుష్షు 4,000 గంటలు. మిగతా కాలమంతా సగటున 45 డిగ్రీలు అనుకుంటే అక్కడ 32,000 గంటలు. ఏడాదిలో వంద రోజులు, రోజుకు 8 గంటలు 75 డిగ్రీల వద్ద గడిస్తే ఆయుష్షులో అయిదో వంతు ఆ 800 గంటల్లోనే కరిగిపోతుంది. మిగిలిన 7,960 గంటలు మరో పావు వంతు తింటాయి. మొత్తం ఏడాదికి 45 శాతం, అంటే రెండేళ్లు దాటాక ముగింపు. మీరు చూస్తున్నది సరిగ్గా ఇదే.

అదే 2,000 గంటల కెపాసిటర్ 105 డిగ్రీల రకమైతే, 20 డిగ్రీల తేడాకు ఆయుష్షు నాలుగు రెట్లై తొమ్మిదేళ్ల దగ్గరికి వెళ్తుంది. ధరలో తేడా మీరు ఒక్కసారి పొలానికి మెకానిక్‌ను పంపే ఖర్చుకు కూడా చాలదు. 5,000 గంటల రకం దొరికితే ఇంకా మంచిది. బోర్డు మీద దాని స్థానాన్ని కూడా చూడండి. రెగ్యులేటర్ హీట్‌సింక్‌కో, వాటేజి రెజిస్టర్‌కో ఆనుకుని ఉంటే దూరం జరపండి. డబ్బాలో వేడి పైకి చేరుతుంది కాబట్టి పవర్ సప్లై బోర్డును కింది వైపు బిగించండి. మార్పు చేశాక మే నెల మధ్యాహ్నం ఒక ప్యానెల్‌లో కెపాసిటర్ ఒంటికే థర్మోకపుల్ అంటించి కొలవండి. నేను 75 అని ఊహించిన చోట మీ అసలు అంకె వేసుకుని పై లెక్క మళ్లీ చేస్తే, కొనుగోలుదారుకు ఎన్నేళ్ల గ్యారంటీ ఇవ్వవచ్చో మీకే తేలుతుంది.